జాజిపూల అక్క

మొన్న మా గ్రూపులో ఒక తల్లి నన్ను మెచ్చుకుంది. చెవి మిషన్లు పెట్టుకునే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు అది. పేరుకు తల్లిదండ్రులదే గానీ మాట్లాడేదంతా తల్లులే. తండ్రులం ముగ్గురం ఉన్నాం. ఒకాయన పొద్దున్నే దేవుడి బొమ్మ పెట్టి మాయమవుతాడు. ఇంకొకాయన ఉన్నాడో లేదో ఆయనకే తెలియాలి. మూడోవాణ్ణి నేను. మిషన్లో చెమట చేరితే ఎలా ఆరబెట్టాలి, వైకల్యం సర్టిఫికెట్టుకు ఏయే కాగితాలు కావాలి అని ఎవరైనా అడిగితే జవాబు చెబుతుంటాను. దానికి ఆమె, "మీలాంటి నాన్న ఇంటికొకరు ఉంటే చాలన్నా" అని రాసింది. దాని కింద వరసగా దండాలు, పూలు.

నేను ఫోను బోర్లా పెట్టేశాను. నా భార్య చూసింది.

ఆ మెప్పు నాకు చెల్లదు. ఎందుకు చెల్లదో చెప్పాలి. అంతకుముందు ఇంకో గ్రూపులో, అది అచ్చంగా అమ్మల గ్రూపు, నేనొక అబద్ధం రాశాను. అది ఏడాదికి పైగా అక్కడే ఉంది. ఎంతమంది చదివారో, ఎంతమంది నమ్మారో తెలియదు. చివరికి అదే గ్రూపులో నిజం రాసినప్పుడు మాత్రం పావుగంటలో నన్ను బయటికి తోసి, నేను రాసినదంతా తుడిచేశారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. కానీ అబద్ధం చదివినవాళ్లకు నిజం చేరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాది తిరుపతిలో ఎమ్మార్వో ఆఫీసు దగ్గర చిన్న జిరాక్సు, డీటీపీ షాపు. జిరాక్సు కన్నా అర్జీలే ఎక్కువ. జనం వచ్చి స్టూలు మీద కూర్చుని బాధ చెప్పుకుంటారు. నేను వాళ్ల తరఫున "నేను" అని మొదలుపెట్టి టైపు చేస్తాను. "అయ్యా, నేను భర్తను పోగొట్టుకున్నదానను." "అయ్యా, నాకు ఇద్దరు ఆడబిడ్డలు." పదిహేనేళ్లుగా రోజుకు రెండు మూడుసార్లయినా ఆడమనిషినై రాస్తున్నాను. రాసింది చదివి వినిపిస్తే కొందరికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. "నా కడుపులో ఉండేది ఉన్నట్టే రాసినావు నాయనా" అంటారు. ఆ మాటకు నేను పొంగిపోయేవాణ్ణి. ఆ పొగరే తర్వాత నా కొంప ముంచింది.

నా భార్య మా అక్క కూతురు. చిత్తూరు అవతల, తమిళనాడు పొలిమేరకు దగ్గరగా ఉండే పల్లెలో పుట్టింది. మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను మామా అనే పిలుస్తుంది, పెళ్లయ్యాకా అదే పిలుపు. ఈ పెళ్లికి అడ్డం చెప్పింది మా బావ ఒక్కడే, అంటే ఆమె తండ్రి. "కాలం మారిందప్పా. దగ్గిర సంబంధాలు ఒద్దంటాండారు డాక్టర్లు. పుట్టే బిడ్డలకు ఏదన్నా అయితే ఎవురు పడేది?" అన్నాడు. "మా తాత చేసుకోలేదా? మా నాయన చేసుకోలేదా? మేమంతా గుండ్రాళ్ల మాదిరి లేమా?" అని నేను ఎగిరిపడ్డాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బావ మళ్లీ నోరెత్తలేదు.

ఆమె కడుపుతో ఉన్నప్పుడు ఫేస్‌బుక్కులో ఒక తెలుగు అమ్మల గ్రూపులో చేరింది. బిడ్డ పుట్టాక, ఒక చేతిలో బిడ్డ, ఒక చేతిలో ఫోను. అప్పుడప్పుడు చదువుతూ తనలో తాను నవ్వుకునేది, ఒక్కోసారి కళ్లు తుడుచుకునేది. ఏమిటని అడిగితే, "నీకు అర్థం కాదులే మామా" అనేది. నాకూ అర్థం కావాలనిపించింది. మొదట మంచి ఉద్దేశంతోనే పోయాను, అది మాత్రం నిజం. నా సొంత పేరుతో, సొంత ఫోటోతో చేర్చుకోమని అడిగాను. "క్షమించండి అన్నా, ఇది అమ్మలకు మాత్రమే" అని జవాబు వచ్చింది. న్యాయమే. పాలు పడని బాధలు, కుట్ల నొప్పులు చెప్పుకునే చోట మీసాలవాడికి ఏం పని? సరే, నాన్నల గ్రూపు ఏదైనా ఉందేమోనని వెతికాను. ఒకటి దొరికింది. అందులో అన్నిటికన్నా పైనున్నది ఏర్పేడు దగ్గర ఇంటి స్థలాల అమ్మకం. దాని కిందిది ఎవరికో పుట్టినరోజు దీవెన. ఇక బిడ్డ ఊసే లేదు.

మా ఊళ్లో గంగజాతర రోజుల్లో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. అది మొక్కు. బ్యాంకులో కూర్చునేవాడైనా ఆటో తోలేవాడైనా ఆ రోజు ఎవరూ వాణ్ణి చూసి నవ్వరు. వేషం కట్టడం మాకు కొత్త కాదు. నేనూ ఒకటి కట్టాను, మొక్కు లేకుండా. ఒక ఆడ పేరు పెట్టి, జాజిపూల బొమ్మ తగిలించి, ఇద్దరు ఆడపిల్లల తల్లినని రాసి మళ్లీ అడిగాను. గంటలో తలుపు తీశారు.

కొన్నాళ్లు ఊరికే చదివాను. తర్వాత ఒకామె బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టులో పేరు తప్పుపడిందని ఏడుస్తుంటే, అది నా రోజువారీ పనే కాబట్టి, ఎక్కడికి పోవాలో, ఏం రాయాలో విడమరిచి చెప్పాను. "థాంక్స్ అక్కా, మీరు దేవతలా దొరికారు" అంది. అక్కడి నుంచి ఆధార్ అన్నా, రేషన్ కార్డులో బిడ్డ పేరన్నా అందరూ జాజిపూల అక్కనే అడిగేవాళ్లు. నెమ్మదిగా అక్క కాగితాలు దాటి జలుబుకూ విరేచనాలకూ కూడా సలహాలివ్వడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ చేసేదీ వీళ్లమ్మ చెప్పిందీ కలిపి రాసేవాణ్ణి. అడిగేవాళ్లుంటే చెప్పేవాడికి లోటా?

ఒకరోజు అన్నం వడ్డిస్తూ నా భార్యే చెప్పింది. "మా గ్రూపులో జాజిపూల బొమ్మ పెట్టుకోనుండే అక్క ఒకామె ఉండాది మామా. ఎంత తెలివో! మన పాప ఆధార్ గురించి ఇడిగా మెసేజ్ పెట్టి అడిగితే ఎంత బాగా చెప్పిందో." నేను ముద్ద మింగి "ఔనా" అన్నాను. పక్కనున్న నన్ను అడగకుండా ఆమెను అడిగింది. అడిగినందుకు కోపం రావాలి గానీ, మెచ్చుకున్నందుకు సంతోషం వచ్చింది. అప్పుడే చెప్పేసి ఇద్దరం నవ్వుకుని ఉంటే పోయేది. ఆ మెప్పు తియ్యగా ఉంది. చెప్పలేదు.

పాపకు ఏడాదిన్నర దాటింది. నవ్వుతుంది, ఆడుతుంది, మొహంలోకి చూస్తే చాలు చెప్పింది చేస్తుంది. పిలిస్తే మాత్రం పలకదు. మాట లేదు. "దీనికి ఇనపడ్తా ఉండాదా అని నాకు అనుమానం మామా. చెవుల డాక్టరుకు సూపిద్దామా?" అంది నా భార్య. నాకు సర్రున కోపం వచ్చింది. వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చి, నేల మీద కూర్చున్న బిడ్డ వెనక నిలబడి గరిటెతో కొట్టాను. బిడ్డ తిరిగి చూసింది. "సూసినావా? మా వంశంలో అందరికీ మాట లేటే. నాకు మూడేండ్లకు వచ్చిందంట, మీ అమ్మనడుగు" అన్నాను. నా అడుగులకు నేల అదిరినా, నా నీడ గోడ మీద పడినా ఆ బిడ్డ తిరుగుతుందని అప్పటికి నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

నిజం చెప్పాలంటే భయం నాకూ ఉంది. డాక్టరు మొదట అడిగే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. దానికి జవాబు చెప్పాల్సింది నేను. ఆ తర్వాత బావ మొహం చూడాల్సింది నేను. బిడ్డ చెవుల కన్నా నా మొహం నాకు ఎక్కువైంది. ఇంతకు మించి వేరే కారణం లేదు, ఉందని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం.

ఒక వారం పోయాక, షాపులో బేరం లేని పూట గ్రూపు తెరిస్తే, ఎవరో పేరు దాచుకుని ఒక ప్రశ్న పెట్టి ఉన్నారు. బిడ్డకు ఇరవై నెలలు, పిలిస్తే పలకదు. మా ఆయన వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో కొడితే తిరిగి చూసింది. వాళ్ల వంశంలో అందరికీ మాట ఆలస్యమంటున్నారు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు, ఏం చేయమంటారు? అది మా పళ్లెం, మా గరిటె. నాతో చెప్పి లాభం లేదని ఆమె ముక్కూ మొహం తెలియనివాళ్లను అడుగుతోంది. సిగ్గుపడాల్సిన చోట నాకు రోషం వచ్చింది. కింద చాలామంది "చెవుల పరీక్ష చేయించు చెల్లీ" అనే రాశారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, కలెక్టరుకు అర్జీ రాసినంత శ్రద్ధగా రాశాను.

"చెల్లీ, భయపడకు. మా పెద్దది మూడేళ్లు నిండేదాకా నోరు తెరవలేదు. ఇప్పుడు దాని నోరు మూయించలేక చస్తున్నాం. మా చిన్నదానికి రెండు దాటింది, దానికీ మాట లేదు. నేనేమీ దిగులు పడటం లేదు. పరీక్షలంటూ పసిదాన్ని ఆస్పత్రుల చుట్టూ తిప్పొద్దు. మీ ఆయన చెప్పిందే నిజం."

చివరి మాట రాసి నన్ను నేనే మెచ్చుకున్నాను. దానికి ఎర్ర గుండె గుర్తులు కుప్పలుగా పడ్డాయి. ఒకామె, "మాకూ ఇదే సమస్య అక్కా, మీ మాటతో మనసు కుదుటపడింది" అని రాసింది. ఆ కిందే ఇంకొకామె. ఆ ఇద్దరి బిడ్డలూ ఇప్పుడు ఎలా ఉన్నారో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి నా భార్య మొహం తేటగా ఉంది. "నువ్వు చెప్పిందే నిజం మామా. జాజిపూల అక్క కూడా అదే చెప్పింది. ఆమె చిన్నబిడ్డ కూడా ఇట్లే ఉండాదంట, ఆమె ఎంత ధైర్యంగా ఉండాదో సూడు" అంది. "నేను చెప్తే ఇనవు, ఎవురో చెప్తే ఇంటావు" అని నేను ఎగతాళి కూడా చేశాను. అలా పదమూడు నెలలు గడిచిపోయాయి.

ఒక వాన సాయంత్రం కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి. పాప భయపడి ఏడుపు అందుకుంది. "ఈడే ఉండానమ్మా, ఈడే ఉండా" అంటూ తల్లి అల్మారాలో కొవ్వొత్తి వెతుకుతోంది. ఇద్దరికీ మధ్య చెయ్యి చాపితే అందే దూరం. పాప ఆపలేదు. ఆమె గొంతు పెంచింది, జోలపాట అందుకుంది. అయినా ఆపలేదు. వెతకడం మానేసి బిడ్డ వీపు మీద చెయ్యి వేసింది. పాప టక్కున ఆపేసింది. నేను కొవ్వొత్తి వెలిగించి చూస్తే, ఆమె బిడ్డను ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది. "సీకట్లో నా నోరు కనపడలా దానికి. కనపడితేనే దానికి నేను మాట్లాడినట్టు" అంది. అరవలేదు, ఏడవలేదు.

మర్నాడు నన్ను అడగలేదు. బిడ్డనెత్తుకుని ఆటో ఎక్కింది. నేను షాపు మూసి వెనకాలే పోయాను. డాక్టరు మొదట అడిగింది నేననుకున్నదే. "మేనరికమా?" "మా అమ్మ తమ్ముడు సార్" అంది ఆమె. ఆయన తల ఊపి రాసుకున్నాడు. అంతే. ఇన్ని నెలలుగా నేను దేనికి భయపడ్డానో అది కాగితం మీద ఒక్క ముక్కలో అయిపోయింది. బిడ్డను నిద్రపుచ్చి పరీక్ష చేశారు. రెండు చెవులూ చాలావరకు వినపడవు. మిషన్లు పెట్టి, ఒక్కో మాటా కూర్చోబెట్టి నేర్పాలి. "ఏడాది ముందు వచ్చుంటే మాట తొందరగా పట్టుకునేది. ఇప్పుడు దానికీ కష్టం, మీకూ కష్టం. ఎందుకాగారు?" అని డాక్టరు అడిగాడు. నా భార్య తల దించుకుని, "నాదే తప్పు సార్. వాళ్లూ వీళ్లూ చెప్పింది ఇన్నా" అంది. నేను పక్క కుర్చీలో కుక్కిన పేనులా కూర్చున్నాను.

ఇంటికొచ్చి బిడ్డకు అన్నం పెట్టాక ఆమె గోడకానుకుని ఫోనులో ఏదో రాయసాగింది. కాసేపటికి నా చొక్కా జేబులో ఫోను అదిరింది. తేలు కుట్టిన దొంగలా పెరట్లోకి పోయి చూశాను.

"అక్కా, మా పాపకు చెవులు వినపడవంట. ఈరోజే తెలిసింది. మీ మీద కోపం లేదక్కా, మీరు మంచికే చెప్పినారు. మీ చిన్నపాపకు కూడా పరీక్ష చేయించండి. రేపే పోండి. నాలాగా ఆలస్యం చెయ్యొద్దు."

తిట్టి ఉంటే బాగుండేది. లేని అక్కకు పుట్టని బిడ్డ కోసం నా భార్య బతిమాలుతోంది. నేను జవాబు ఇవ్వలేదు. నాలుగు రోజులకు ఇంకోటి. వారానికి ఇంకోటి. "ఆ అక్క నా మెసేజ్‌లు సూస్తా ఉండాది మామా, జవాబే ఇయ్యదు. భయపడ్తాండాదేమో పాపం. నేనూ అట్లే భయపడితి గదా" అనేది. మిషన్ల కోసం మా పాప చెవులకు అచ్చు తీయించడానికి పోయిన రోజున కూడా, "ఆ పాపకు ఈపాటికి మూడేండ్లు ఉంటాయి" అని లెక్క కట్టింది. ఆ లేని బిడ్డ మా ఇంట్లో ఉన్న బిడ్డతో పాటే పెరుగుతోంది.

చివరికి ఉండబట్టలేక, "చేయించాం చెల్లీ, అంతా బాగుంది" అని రాశాను. దీంతో వదిలేస్తుందనుకున్నాను. వెంటనే జవాబు వచ్చింది. "ఎక్కడ చేయించినారక్కా? నిద్రపుచ్చి చేసినారా? కొందరు ఊరికే చప్పుడు చేసి చూసి పంపించేస్తారు. ఆ కాగితం ఫోటో పెట్టండి, నేను చూసి చెప్తా." ఒకసారి మాట నమ్మి చెడింది, ఇంకోసారి నమ్మేలా లేదు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పడానికి సిగ్గేస్తోంది. షాపులో మా పాప రిపోర్టు స్కాన్ చేశాను. పేరు చెరిపి ఇంకో పేరు పెట్టాను. గీతలు మార్చాను, అంకెలు మార్చాను. అడుగున రెండు చెవులూ సక్రమంగా ఉన్నాయని టైపు చేశాను. నాకు అది గంట పని కూడా కాదు. ప్రింటు తీసి చేత్తో పట్టుకున్నాను. రెండు చెవులూ బాగున్న బిడ్డ కాగితం. ఇది మా పాపది అయ్యుంటే అని ఒక్కసారి అనిపించింది. షట్టరు సగానికి దించి ఏడ్చాను. అర్జీ కోసం వచ్చిన ముసలాయన ఒకడు బయట నిలబడి, "ఏమప్పా, అప్పుడే మూసేస్తాండావా?" అని అడుగుతూనే ఉన్నాడు. కాగితం చింపి బుట్టలో వేశాను. కంప్యూటర్లోది కూడా తీసేశాను. నా భార్యకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

మిషన్లు పెట్టిన ఐదో నెలలో పాప మొదటి మాట అంది. "నాన." నాయన అని. తల్లి రోజూ నా ఫోటో పట్టుకుని నేర్పింది. అమ్మ అని ముందు ఎందుకు నేర్పలేదంటే, "అమ్మ యాడికి పోతాది? నువ్వే దిగులుగా ఉంటాండావు, నిన్ను పిలిస్తే తేరుకుంటావని" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. బిడ్డకు మాట వస్తే మామ చేత వేషం కట్టిస్తానని గంగమ్మకు మొక్కుకుందట.

జాతర రోజు పొద్దున తన నీలం పట్టుచీర తెచ్చి నాకు కట్టింది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు పోసింది. తలకు సవరం కట్టి కనకాంబరాలు పెట్టింది, బొట్టు పెట్టింది. పమిటకు పిన్నీసు పెట్టబోతూ, "ఇంకో మొక్కు కూడా ఉండాది మామా. ఆ అక్క చిన్నబిడ్డకు కూడా చెవులు బాగుండాలని. ఆ కాగితం ఆమె పంపనే లేదు, నాకు మనసులో కుదుట లేదు. అంబలి పోస్తానని మొక్కినా" అంది. ఎదురుగా అద్దంలో నేను కనపడ్డాను. అన్నాళ్లు ఎవరికీ కనపడకుండా తిరిగిన ఆడమనిషి చీర కట్టుకుని నిలబడి ఉంది.

"ఆ అక్క లేదు. అది నేనే" అన్నాను.

"ఊరుకో మామా" అని నవ్వింది. వేషం కట్టిన సంబరంలో అంటున్నాననుకుంది. నేను ఫోను తీసి, అక్క పేరు మీద తెరిచి, ఆమె పంపిన మెసేజ్‌లు ఆమెకే చూపించాను. చదివింది. పైకి జరిపి, ఇంకా పైకి జరిపి చదివింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె మొదట అడిగిన మాట నేను చచ్చేదాకా మరవను.

"అంటే ఆ పాప లేనే లేదా?"

"లేదు."

ఆమె మొహంలో ఏదో బరువు దిగింది. హమ్మయ్య, ఒక బిడ్డయినా తప్పించుకుంది అన్నట్టు. మిగతాదంతా ఆ తర్వాత అర్థమైంది. అర్థమవుతున్నంతసేపూ నేను చూశాను. అప్పుడు పిన్నీసు తీసుకుని, పమిట సర్ది, నా భుజానికి గుచ్చుకోకుండా జాగ్రత్తగానే పెట్టింది. మొక్కు అమ్మవారిది కదా.

జాతర నాడు మా ఊళ్లో ఎవరు ఎవర్ని ఎంత మాటైనా అనొచ్చు. బూతులు కూడా అమ్మవారికి పూజే. గుడి దారి పొడుగునా డప్పులు, వేపాకులు, తిట్లు, నవ్వులు. తిట్టడానికి ఊరంతటికీ అనుమతి ఉన్న రోజున నా భార్య బిడ్డనెత్తుకుని నా పక్కన నడుస్తూ ఒక్క మాట అనలేదు. తిట్టమని అడగాలనిపించింది. అడిగే మొహం లేక ఊరుకున్నాను.

గుడి ముందు జనం తోసుకొచ్చారు. నేను వాళ్లకు దూరంగా, చీరలు కట్టిన మగవాళ్ల గుంపులో పడిపోయాను. డప్పు మోతకు పాప మొహం చిట్లించింది. దానికి మోత వినపడుతోంది. అది చూసి అంత బాధలోనూ నాకు సంతోషమైంది. నా భార్య బిడ్డ మొహం తన వైపు తిప్పుకుని, పెదవులు బాగా కదిలిస్తూ, "మీ నాయన యాడ?" అని అడిగింది. పాప గుంపు మీద ఒకసారి చూపు తిప్పింది. ఇంతమంది చీరలు, ఇన్ని బొట్లు, ఇన్ని పూల జడలు. నేరుగా నా మీద వేలు పెట్టి, "నాన!" అని అరిచింది.

నా భార్య జనాన్ని తోసుకుంటూ వచ్చి బిడ్డను నా చేతుల్లో పెట్టింది. నా వైపు చూడకుండా పమిట చెంగుతో పాప మొహం తుడిచింది. పొద్దుటి నుంచి మూసి ఉంచిన నోరు అప్పుడు విప్పింది.

"ఇనపడని బిడ్డ ఒక్క చూపుకే పట్టేసింది మామా. నేను చెవులుండి, రెండేండ్ల పొడుగునా నిన్ను అక్కా అక్కా అంటిని."